ఓడ కాగితం వెనకవైపు

ఆయన చనిపోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండు నెలలయ్యాక, అదీ నా పని మీద నేను వెళ్తే తెలిసింది. నాకు జరిగిన అవమానాలను నేను మరిచిపోను. ఆయన వల్ల జరిగినవి అప్పటికి నాలుగున్నాయి. ఇది ఐదోది. పోయిన మనిషి నీకెట్లా చెప్తాడని మా ఆవిడ అంటుంది. పోయే ముందు ఎవరికైనా చెప్పి ఉంచొచ్చు కదా అని నేనంటాను.

ఆ రోజు నయాపూల్‌కు ఎందుకు వెళ్లానో చెబుతాను. ముందురోజు బొంబాయి నుంచి మా వకీలు ఫోన్ చేశాడు. మా లవంగాలను సముద్రం మీద తడిపి పాడుచేసిన ఓడ కంపెనీ మీద నేను వేసిన దావాకు అవతలివాళ్లు జవాబు దాఖలు చేశారట. అందులో లవంగాల గురించి పెద్దగా ఏమీ లేదు. ఏడాది గడువు దాటాక దావా వేశారు, కొట్టేయండి, అంతే. "ఓడ నుంచి మీ కంటెయినర్ పెట్టె దిగిన రోజు దగ్గర్నుంచి లెక్కపెడుతున్నారు. ఆ రోజు ఏదో చూపించే కాగితం మీ దగ్గరుందా? కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ పెట్టె వివరాలు ఎప్పుడో తీసేశారు" అన్నాడు వకీలు.

నా దగ్గర కాగితం లేదు. ఉన్నదల్లా ఒక మాట. ఆ మాట ప్రకారం నేను దావా వేసింది ఒక రోజు ఆలస్యంగా. ఆ సంగతి వకీలుకు చెప్పలేదు. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేదు.

నయాపూల్ దగ్గర కోర్టుకు వచ్చిపోయేవాళ్ల కోసం జిరాక్స్ దుకాణాలున్నాయి. వాటిలో ఒకదాంట్లో, మిషను వెనక, స్టూలు మీద ఆయన కూర్చునేవాడు. ఎండాకాలంలో కూడా వీపును ఆ మిషను వేడికే ఆనించేవాడు. నడుముకు మంచిదట. చెవి మీద చిన్న పెన్సిలు, రెండు కొనలూ బ్లేడుతో చెక్కింది. పెన్ను ముట్టుకునేవాడు కాదు. "పెన్ను ధైర్యం ఉన్నోళ్లకు. నాకు రబ్బరు గావాలె" అనేవాడు. బొంబాయిలో ఓడల సరుకు విడిపించే ఆఫీసులో చాలాకాలం పనిచేశాడని చెప్పుకునేవారు. ఎన్నేళ్లు చేశాడో, ఎందుకు తిరిగొచ్చాడో నాకు తెలియదు. అందరూ బాపు అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. ఆయన నన్ను సేఠ్ అన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో నన్ను అందరూ సేఠ్ అనే అంటారు. ఆయన నోట్లో మాత్రం ఆ పిలుపు కాస్త వంకరగా వినిపించేది.

మొదటిసారి వెళ్లినప్పుడు నా చంకలో లావుపాటి ఫైలుంది. లవంగాలు వచ్చి అప్పటికి పదకొండో నెల నడుస్తోంది. అన్నాళ్లూ నేను చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఓడ కంపెనీకి, దాని ఏజెంటుకు, ఏజెంటు పైవాడికి ఉత్తరాలు రాశాను. జవాబు వస్తే ఆ జవాబులో తప్పులు చూపిస్తూ రాశాను. రాకపోతే ఎందుకు రాలేదని రాశాను. ఆ ఫైలు ఆయన ముందు పెట్టాను. ఆయన తెరవలేదు. దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు.

"బాపూ, అవి నా ఉత్తరాలు."

"ఎరుకే. బీఎల్ ఏది?"

బీఎల్ అంటే సరుకు తమ ఓడకెక్కిందని కంపెనీ ఇచ్చే కాగితం. ముందువైపు ఏ సరుకు, ఎన్ని బస్తాలు, ఏ ఓడ అని ఉంటుంది. వెనకవైపు నిండా చీమల బారులాంటి అక్షరాల్లో షరతులుంటాయి. మా బజార్లో ఎవరూ వెనకవైపు చదవరు. బ్యాంకులో ముందువైపే చూస్తారు, కస్టమ్స్‌లోనూ అంతే. చదవనైతే చదవం కానీ, సరుకు విడిపించుకునేటప్పుడు మేం సంతకం పెట్టేది ఆ వెనకవైపే, ఆ చీమల మీదే.

చాయ్ గ్లాసు తీసినప్పుడు నా ఫైలు మీద గుండ్రంగా మరక పడింది. ఇప్పటికీ ఉంది. అది మొదటి అవమానం.

రెండోది ఆ వెంటనే జరిగింది. బీఎల్ నకలు తిప్పి నా చేతికే ఇచ్చి, "సదువు. నేనింట" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు అంత రాదు బాపూ."

"సంతకం వెట్టినప్పుడు వచ్చిందా?"

దుకాణంలో ఇద్దరు చిన్న వకీళ్లు, అర్జీ పట్టుకున్న ఒకామె ఉన్నారు. దుకాణం నడిపే భాయ్ మిషను ఆపి మరీ నా వైపు చూశాడు. వాళ్లందరి ముందు యాభై దాటిన మనిషిని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. వేలు పైకెత్తితే ఆగాలి. దించితే సాగాలి. తర్వాత తెలిసింది, ఎవరొచ్చినా ఆయన ఇంతే చేస్తాడని. పైసా తీసుకోడు. చదవడం మాత్రం కాగితం తెచ్చినవాడే చదవాలి.

ఒక్కో షరతు అయ్యాక ఒకే ప్రశ్న వేసేవాడు. "గిది ఎవని భయం?"

మొదట నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "పెట్టెల ఏమున్నదో మాకు ఎరుక లేదని ఎందుకు రాసిన్రు? కప్తాను భయం. మూసిన పెట్టె చేతికిస్తరు, లోపట రాళ్లున్నయో లవంగాలున్నయో ఆనికేం ఎరుక? దావా బొంబాయిలనే వెయ్యాలె అని ఎందుకున్నది? ఊరూరు తిరగాలెనని కంపెనీ వకీలు భయం. ప్రతి మాట ఎవడో ఒకడు భయపడి రాసిందే. ఎవడు భయపడ్డడో వట్టుకుంటె మాట ఎంత దూరం పోతదో తెలుస్తది."

"మరి నా భయం ఎక్కడుంది ఇందులో?"

"నీది లేదు. నువ్వు రాయలేగద."

చదువుతూ మూడు రోజుల షరతు దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. అన్ని నెలలుగా నన్ను తింటున్నది అదే. చెడిపోయినట్టు పైకి కనిపించని సరుకైతే, తీసుకున్న మూడు రోజుల్లోగా చెడిందని రాసి పంపాలి. నేను రాసింది నాలుగో రోజు. ఏజెంటు మొదటి జవాబులోనే దాన్ని నా మొహాన కొట్టాడు.

"నాలుగు దినాలు ఏం జేసినవ్?"

చెప్పక తప్పలేదు. పెట్టె శనివారం సాయంత్రం కాటేదాన్ దగ్గర మా గోదాముకు చేరింది. ఆదివారం అమావాస్య. కొత్త సరుకు సీలు తెంపొద్దంది మా అమ్మ. సోమవారం పాడ్యమి, అదీ వద్దంది. మంగళవారం సరేసరి. బుధవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి సీలు తెంపితే, లోపల్నుంచి లవంగాల వాసనకు బదులు పుల్లటి కంపు కొట్టింది. పై వరస బస్తాలన్నీ బూజు.

చిన్న వకీళ్లిద్దరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. "క్యా సేఠ్, ఓడోనికి అమావాస్య ఉంటదా?"

ఆయన నవ్వలేదు. "అమ్మనేమనకురి. ఆమెది భయమే, గీళ్లది భయమే. ఆమె దానికి కాయితం లేదు, గంతే." తర్వాత నాతో, "మల్ల సదువు. మూడు దినాలు దాటితె ఏమైతదని ఉన్నది?"

మళ్లీ చదివాను. రాసి పంపకపోతే, సరుకు బాగానే అందిందనడానికి అది మొదటి సాక్ష్యమవుతుందని ఉంది.

"మొదటి సాక్ష్యం అన్నడు. ఆఖరు సాక్ష్యం అన్నడా?"

"అనలేదు."

"మరి? ఆళ్ల మాట ముందుగాల నిలవడ్డది. నువ్వు పడగొట్టు. తొవ్వ మూసుకపోలే."

పది నెలల తర్వాత నా ఛాతీ మీద నుంచి బస్తా దించినట్టయింది. ఆయన నాకు ఆ సుఖం ఎంతోసేపు ఉంచలేదు. వేలు దించాడు. "ఇంక జర కిందికి పో."

కింద ఏడాది షరతు. సరుకు అందిన ఏడాదిలోగా దావా వేయకపోతే ఓడకు, కంపెనీకి అన్ని బాధ్యతలూ తీరిపోయినట్టే.

"గిండ్ల మొదటి సాక్ష్యం అని ఉన్నదా?"

"లేదు."

"ఉండదు. గిది తలుపు. మూసినంక ఓడ లేదు, లవంగం లేదు, నువ్వు లేవు. ఒక్క దినం దాటినా అడిగే హక్కే ఉండదు. నాకెరుక." ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నా వైపు చూడలేదు.

నేను ఫైలు లాగాను. "ఏడాదిలోపే ఇన్ని ఉత్తరాలు రాశాను కదా. మీ విషయం పరిశీలనలో ఉందని వాళ్లే రాశారు."

"పరిశీలన అంటె గడువు పెంచినమని ఏడ రాసిన్రు, సూపియ్యి." చూపించలేకపోయాను. "నువ్వు రాస్తున్నవ్, ఆళ్లు రాస్తున్నరు, దినాలు పోతున్నయి. గీ ఫైలంత దండుగ సేఠ్."

అది మూడోది.

అయినా మళ్లీ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. బొంబాయి వకీలును కుదిర్చింది ఆయన చెప్పాకే. ఒకరోజు పాడైన బస్తా ముక్క తీసుకురమ్మన్నాడు. పాడైన బస్తాల్లో ఒకదాన్ని నేను పారేయకుండా దుకాణంలో కట్టి ఉంచాను. ఆ కంపుకు అమ్మ రోజూ గొణిగేది. గోనెముక్క తెచ్చి ఇస్తే వాసన చూశాడు, వేళ్లతో నలిపాడు, తర్వాత నాలుక మీద పెట్టుకున్నాడు. భాయ్ "ఛీ ఛీ బాపూ" అని మొహం తిప్పుకున్నాడు. ఆయన కళ్లు మూసుకుని కాసేపు ఉండి, "ఉప్పు" అన్నాడు.

"అంటే?"

"వాన నీళ్లయితె, బొంబాయి నుంచి రైల్ల వచ్చినప్పుడు తడిసిందంటరు. ఉప్పుంటె సముద్రమే. దీన్ని పరీక్షకు పంపు. నా నాలుక కోర్టుల నడవదు." ఉమ్మేసి వచ్చి అడిగాడు. "పెట్టె ఖాళీ అయినంక లోపటికి పోయి తలుపులేయించినవా?"

"వేయించాను. పైకప్పులో సూది బెజ్జమంత వెలుతురు కనిపించింది. ఫోటో తీసి, మీకు సిగ్గుందా అని రాసి ఆ రోజే కంపెనీకి పంపాను."

నన్ను చూసి ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. పై పళ్లు రెండు లేవు. "గీ కోపం పనికొస్తది" అన్నాడు.

పరీక్షలో ఉప్పే తేలింది. ఇక మిగిలింది తారీఖు. గోదాముకు పెట్టె వచ్చిన శనివారం నుంచి నేను లెక్క పెట్టుకున్నాను. దాని ప్రకారం ఇంకా పదమూడు రోజులున్నాయి. రైలు దిగిన డిపోలో పెట్టెను మాకు అప్పగించిన రోజు నుంచి లెక్కేయాలన్నాడు వకీలు. దాని ప్రకారం పదకొండు. బాపు రెండూ ఒప్పుకోలేదు. ఆయన ఓడ నుంచి పెట్టె దిగిన రోజు అడిగాడు. ఆ రోజు నాకు తెలియదు. బొంబాయి రేవులో తనకు తెలిసినవాళ్లెవరో ఉన్నారని, బాపు భాయ్ దగ్గర ఫోన్ తీసుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. ఆటోల హారన్ల మధ్య ఒక చెవి మూసుకుని చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, నా బీఎల్ నకలు తిప్పి పెన్సిలుతో ఏదో గీసుకున్నాడు.

"బుధవారం ఆఖరు" అన్నాడు.

ఆ రోజు సోమవారం.

"అదెట్లా బాపూ? ఓడ దిగితే నాకు అందినట్టా? న్యాయంగా చూస్తే నా గోదాముకు వచ్చిన రోజే."

"న్యాయం కోర్టుల అడుగు. మూడు తారీఖులున్నయి. ఆళ్లు అన్నిటికన్న ముందటిదే వట్టుకుంటరు. కొట్లాడి గెలుస్తవో లేదో దేవునికెరుక. ముందటి దాని లోపలనే వేస్తె కొట్లాటనే లేదు. కాయితాలు తయారున్నయి గద?"

ఉన్నాయి. దావా పత్రం వకీలు రాసి పంపాడు. నేను సంతకాలు పెట్టి కొరియర్లో పంపితే మర్నాడే దాఖలు చేస్తాడు. మంగళవారం పంపితే బుధవారం. కానీ ఏజెంటు కిందటి వారం రాసిన ఉత్తరంలో నా ఫిర్యాదును 'పదే పదే అదే గోల' అన్నాడు. దానికి క్షమాపణ అడుగుతూ నేను రాశాను. జవాబు రావాల్సి ఉంది. అది రాకముందే దావా వేస్తే ఆ మాట అట్లాగే ఉండిపోతుంది. ఇదే బాపుకు చెప్పాను. ఇంకో నాలుగు రోజులు చూద్దామన్నాను.

ఆయన అద్దాలు తీశాడు. దుకాణం నిండా జనం ఉన్నారు.

"నీకు గెలుసుడు అక్కర లేదు సేఠ్. తిట్టుడే గావాలె. గెలిస్తె ఇంకెవన్ని తిడుతవ్?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను ఫైలు తీసుకుని బయటికి వచ్చేశాను. బీఎల్ నకలు ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఇది నాలుగోది, అన్నిటికన్నా పెద్దది.

మంగళవారం పొద్దున్నే సంతకాలు పెట్టిన కాగితాల కవరు గల్లా పక్కన పెట్టుకుని దుకాణంలో కూర్చున్నాను. కొరియరువాడు పదింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి మా సందులోకి వస్తాడు. పదింటికి వచ్చాడు. కవరు మీద చెయ్యి పెట్టాను, తీయలేదు. ఆయన చెప్పిన రోజుకు వేస్తే ఆయన అన్న మాట కూడా ఒప్పుకున్నట్టే అనిపించింది. హమాలీలు బస్తాలు దించుతుంటే ఎన్ని దించారో మూడుసార్లు అడిగాను. నాలుగింటికి కొరియరువాడు మళ్లీ వచ్చి, "సేఠ్, ఏమన్న ఉన్నయా?" అన్నాడు. లేవన్నాను.

బుధవారం పంపాను. గురువారం దావా దాఖలైంది. తన లెక్కలో ఇంకా గడువుంది కాబట్టి వకీలు ఏమీ అనలేదు. నా లెక్కలో మాత్రం ఆ బుధవారం దాటిపోయింది. కేసు వాయిదా పడిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది. అవతలివాళ్లకు ఆ తారీఖు తట్టకూడదని కోరుకున్నాను. ఆ జిరాక్స్ దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తుందని నయాపూల్ మీదుగా వెళ్లడమే మానేశాను. ఎంత చుట్టయినా వేరే దారిన తిరిగేవాణ్ని. చేసిన ఆలస్యం ఆయనకు చెప్పాల్సి వస్తుందన్న భయం ఒకటి. ముందు ఆయనే కబురు పంపాలన్న పంతం ఒకటి. ఆయన పంపలేదు.

అట్లా ఏడాదిన్నర గడిచాక, వకీలు ఫోన్ చేసిన మర్నాడు, మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. స్టూలు మీద రంగుపొడి డబ్బాలున్నాయి.

"అరె సేఠ్! తొవ్వ మరిచినవా?" అన్నాడు భాయ్.

"బాపు ఏడి?"

భాయ్ మిషను ఆపాడు. "బాపు గుజర్ గయే సేఠ్. రెండు నెలలైంది. దవాఖానల రెండే దినాలున్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? అలిగి పోతివి. నీ నంబరు గూడ లేకపాయె."

నిజం చెప్పాలంటే నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆ బుధవారమే. ఆ తారీఖు తెలిసిన ఒక్క మనిషీ పోయాడు. అది తప్పో ఒప్పో ఇంకెవరిని అడగాలి? ఆ డబ్బాల పక్కన నిలబడి, మా లవంగాలు పోయినట్టే అనుకున్నాను.

భాయ్ సొరుగు లాగి కాగితాల అడుగు నుంచి ఒక మడత తీశాడు. "నీదే సేఠ్. బాపు ఇచ్చి పెట్టిండు. సేఠ్ వస్తడు, వచ్చినప్పుడు ఇయ్యి అన్నడు. ఎన్నడొస్తడు బాపూ అంటె, కంపెనీ జవాబు వేసినంక వస్తడు అన్నడు."

నా బీఎల్ నకలు అది. దానికి గుండుసూదితో ఇంకో కాగితం గుచ్చి ఉంది. రేవువాళ్లిచ్చింది. ఓడ పేరు, మా పెట్టె నంబరు, పెట్టె దిగిన తారీఖు, ముద్ర. ఎప్పుడు తెప్పించాడో, ఎవరిని బతిమాలాడో తెలియదు. నకలు తిప్పాను. వెనకవైపు, నా సంతకం కింద కాస్త ఖాళీలో, సన్నటి పెన్సిలు రాత. మూడు తారీఖులు ఒకదాని కింద ఒకటి. మొదటిదాని చుట్టూ సున్నా. దాని పక్కన ఏడాది కలిపి, 'ఆఖరు గురువారం' అని ఉంది.

గురువారం. మళ్లీ చదివాను. రేవు కాగితంతో పోల్చి వేళ్ల మీద లెక్కపెట్టాను. గురువారమే.

దాని కింద ఇంకో వరస ఉంది. 'సేఠ్‌కు బుధవారం అని చెప్పిన. ఒక దినం అలుగుతడు.'

"ఏం రాసిండు సేఠ్?" అన్నాడు భాయ్.

"తారీఖు."

రేవు కాగితాన్ని అక్కడే ఫోటో తీసి వకీలుకు పంపాను. మొదటిది మసకగా వచ్చింది, మళ్లీ తీశాను. కాసేపటికి వకీలు ఫోన్ చేశాడు. ఓడ దిగిన రోజు నుంచి లెక్కేసినా మనది గడువులోనే ఉందని, కరెక్టుగా ఆఖరి రోజున వేశామని, అసలు కాగితం వెంటనే పంపమని చెప్పాడు. "అంత ముందే లెక్క కట్టి వేశారంటే గట్టివారే" అన్నాడు నన్ను. విచారణ ఇంకా ఉంది. జడ్జి ఏమంటాడోనన్న గుబులు ఇంకా ఉంది.

పెన్సిలు రాసిన నకలు మాత్రం పంపలేదు. నా దగ్గరే, గ్లాసు మరక ఉన్న ఫైల్లోనే పెట్టుకున్నాను. ఆరో అవమానం కింద దాన్ని రాసుకోవాలనే అనుకున్నాను. నా మొహం మీద ఒక తారీఖు చెప్పి, మనసులో ఒకటి పెట్టుకుని, నేనెట్లాంటి మనిషినో నాకే తెలియకుండా లెక్కకట్టిన మనిషిని ఊరికే ఎట్లా వదిలేస్తాను? కానీ ఆ పెన్సిలు వరస చదివినప్పుడల్లా ఆయన ప్రశ్నే అడ్డం వస్తోంది. గిది ఎవని భయం?

ఆయన లెక్క ఒక్కచోటే తప్పింది. నా అలకకు ఒక్క దినమే ఇచ్చాడు. నేను ఏడాదిన్నర తీసుకున్నాను.